“ఒక్కరేనా?” అని అడిగితే “అవును” అని చెప్పండి

 

ఇక్కడ నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, కోచింగుల గురించి చాలా పోస్టులు వస్తాయి. తిండి గురించి ఎవరూ రాయరు. రాస్తే చిన్నతనం అనుకుంటారేమో. కానీ ప్రతి ఏడాది కొత్తగా అమీర్‌పేటకు వచ్చే మన పిల్లలు ఫోన్ చేసి మొదట అడిగేది కోర్సు గురించి కాదు. “అన్నా, ఆడ తిండి ఎట్లా?” అనే అడుగుతారు. అందుకే ఇది రాస్తున్నాం. జర పొడుగైంది, తీరిక దొరికినప్పుడు చదవండి.

మేం అంటే ఒకే హాస్టల్ రూములో ఉండే నలుగురం. ఇద్దరు గోండులం, ఒకరు కోయ, ఒకరు నాయకపోడు. టైపు చేస్తున్నది ఒక్కరే, వయసు ఇరవై. కానీ ఇందులో ఉన్నవి నలుగురి సంగతులు కాబట్టి మేం అనే రాస్తున్నాం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కినవాళ్లం మేమే మొదలు. పొద్దున డిగ్రీ కాలేజీ, సాయంత్రం అమీర్‌పేటలో కోర్సులు. ఒకరిది జావా, ఒకరిది టాలీ, ఇద్దరిది కానిస్టేబుల్ కోచింగ్. బ్యాచ్ టైములు కలవవు. క్లాసు అయ్యి హాస్టల్‌కు చేరేసరికి కొన్నిసార్లు మెస్ మూసేసి ఉంటుంది. అందుకని రూములో కలిసి ఉండే నలుగురం బయట తినేటప్పుడు మాత్రం ఎవరికి వాళ్లమే తింటాం. ఒక్కొక్కరం, ఒక్కో టేబుల్ దగ్గర.

చెప్పుకుంటే ఇది చాలా మామూలు సంగతి. హైదరాబాద్‌లో లక్షల మంది అట్లానే తింటారు. మనకెందుకు మామూలు కాదో ముందు చెప్తాం.

మన ఊళ్లలో ఒక్కరే కూర్చుని తినడం మీరు ఎన్నిసార్లు చూశారు? చేను దగ్గర కూడా నలుగురూ ఒక చెట్టు కిందికి చేరాకే గట్క మూట విప్పుతారు. పెళ్లి అయినా, చావు అయినా, పండుగ అయినా అందరూ వరసగా కూర్చుంటే ఒక చివర నుంచి వడ్డించుకుంటూ పోతారు. చివరి విస్తరిలో అన్నం పడేదాకా మొదట కూర్చున్నవాళ్లు చెయ్యి పెట్టరు. దీపావళి రోజుల్లో దండారి జట్టు పక్క ఊరికి పోతే జట్టు మొత్తానికి అన్నం పెట్టుకోవాల్సింది ఆ ఊరే. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా గోవాడలో 22 పొయ్యిల మీదనే వంతులు వేసుకుని వండుకుంటారు. మా పొయ్యి మాకు వేరే కావాలంటే కుదరదు.

మరి ఒక్కడే తింటున్నాడంటే? మా తాతలు చెప్పే లెక్కలో రెండే కారణాలు. ఒంట్లో బాగాలేనివాడైనా కావాలి, లేకపోతే పంచాయతీ తప్పు వేసి పక్కన పెట్టినవాడైనా కావాలి. అట్లా పక్కన పెట్టినవాణ్ణి మళ్లీ కలుపుకునేది కూడా అన్నంతోనే. అతను తప్పు కట్టి, ఊరికి భోజనం పెట్టి, అందరూ వచ్చి తింటేనే కలిసినట్టు. మనకు కలిసి తినడమంటే కడుపు నింపుకోవడం ఒక్కటే కాదు, మనిషి లెక్కలో ఉండటం.

ఆశ్రమ పాఠశాలలో చేరినా అంతే. పళ్లెం పట్టుకుని లైను. వరండాలో బాసింపట్టు వేసుకుని వందమంది. పప్పు నీళ్లగా ఉందని తిట్టుకోవడం కూడా వందమంది కలిసే.

ఇట్లా పెరిగిన పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతాడు. ఎర్ర లైను, నీలం లైను రెండూ కలిసే స్టేషన్ అది. దిగగానే మైత్రీవనం వైపు నిలబడి కాగితాలు పంచేవాళ్లు పది మంది. డేటా సైన్స్, డెవాప్స్, స్పోకెన్ ఇంగ్లిష్, బ్యాంక్, గ్రూప్స్. గోడ కనపడకుండా హాస్టల్ బోర్డులు. ప్రతి గల్లీలో నాలుగు హోటళ్లు. అందులో ఒక అద్దాల తలుపు ముందు ఆగుతాడు. ముందు డబ్బులు కట్టి టోకెన్ తీసుకోవాలా, కూర్చుంటే వచ్చి అడుగుతారా తెలియదు. చేతులు ఎక్కడ కడుక్కోవాలో కనపడదు. ధరలు బయట రాసి ఉండవు. ధైర్యం చేసి తలుపు తీస్తే సర్వర్ అడిగే మొదటి మాట, “ఒక్కరేనా?”

అతను అడిగేది టేబుల్ కోసమే. నలుగురు పట్టే టేబుల్ ఒక్కరికి ఇస్తే హోటల్‌కు నష్టం, అందుకని అడుగుతాడు. కానీ మనకు అది అట్లా వినపడదు. “నీకెవరూ లేరా?” అన్నట్టు వినపడుతుంది. మనలో చాలామంది ఆ మాట దగ్గరే వెనక్కి తిరుగుతారు.

పోయిన ఏడాది ఏటూరునాగారం వైపు నుంచి ఒక తమ్ముడు కోచింగ్‌కు వచ్చాడు. ప్రైవేటు హాస్టల్‌లో బెడ్ దొరికింది కానీ భోజనం వారం తర్వాత మొదలవుతుందని చెప్పారట. మొదటి రెండు రోజులు అరటిపండ్లు, బిస్కెట్ పుడలతో గడిపాడు. మూడో రోజు క్లాసులో కళ్లు తిరిగి కూలబడితే పక్కన కూర్చున్న పిల్లలు అతని ఫోన్‌లో ఉన్న మా నంబరుకు చేశారు. పోయి చూస్తే జేబులో పన్నెండు వందలు ఉన్నాయి. “పైసలు పెట్టుకుని ఎందుకు తినలేదురా?” అంటే తల వంచుకుని, “లోపలికి పోవాలంటే భయమైంది అన్నా” అన్నాడు.

తునికాకు కల్లం దగ్గర రాత్రిపూట ఒక్కడే కాపలా పడుకున్న పిల్లవాడు వాడు. ఎలుగుబంటి తిరిగే దారిలో ఇప్పపువ్వు ఏరినవాడు. వాడికి హోటల్ అంటే భయమైంది.

ఆ రోజు నుంచి మా నలుగురికీ ఒక సంగతి బాగా అర్థమైంది. పట్నంలో మన పిల్లలు పస్తు ఉండేది పైసలు లేక ఒక్కటే కాదు. పైసలు లేకపోవడం నిజమే, దాని గురించి కింద చెప్తాం. కానీ పైసలు ఉన్న రోజు కూడా పస్తు ఉంటున్నారు చూడండి, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కోచింగ్‌లో రీజనింగ్ చెప్తారు, అరిథ్‌మెటిక్ చెప్తారు. హోటల్‌లో ఒక్కడివే ఎట్లా కూర్చోవాలో ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన సంగతి అని కూడా వాళ్లకు తెలియదు, ఎందుకంటే వాళ్లు అయిదేళ్ల వయసులోనే నాన్న వేలు పట్టుకుని హోటల్‌కు పోయి ఉంటారు.

అందుకని మేం నలుగురం ఏ వరసలో అలవాటు పడ్డామో చెప్తాం. ఇదే వరస మీకూ పనికొస్తుందని కాదు. పనికొస్తే తీసుకోండి.

మొదటి మెట్టు టిఫిన్ బండి. అమీర్‌పేటలో పొద్దున ఆరున్నర నుంచే గల్లీ మొదట్లో బండ్లు పెడతారు. ఇడ్లీ, దోసె, మైసూర్ బోండా, పూరీ. ప్లేటు మీద కవరు వేసి చట్నీ పోసి చేతిలో పెడతారు. ఇక్కడ అందరూ నిలబడే తింటారు, అందరూ ఒక్కరే తింటారు. సాఫ్ట్‌వేర్ ఆయన, ఆటో అన్న, బ్యాగు తగిలించుకున్న కోచింగ్ పిల్లలు, ఎవరూ ఎవరినీ చూడరు. ధర బండికే రాసి ఉంటుంది. ఒంటరిగా తింటున్నామన్న సంగతే గుర్తుకు రాదు. భయం ఉన్నవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి.

రెండోది సాయంత్రం జొన్నరొట్టెల బండి. చీకటి పడే వేళకు రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని చేత్తో తట్టి కాలుస్తుంటారు. రెండు రొట్టెలు, ఒక కూర, ఉల్లిగడ్డ ముక్క. అది మన తిండే. షుగర్ ఉన్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు కార్లు ఆపి మరీ కొనుక్కుపోతుంటే మాకు నవ్వొస్తుంది. ఊళ్లో జొన్నలు తినేవాళ్లని బీదవాళ్లు అనేవారు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరిపాక ఇక్కడ దాని మర్యాదే మారిపోయింది. మేం ఎక్కువగా పోయే బండి అమ్మది పాలమూరు వైపు. మొదటి రోజే “ఏ ఊరు బిడ్డా?” అని అడిగింది. చెప్తే, “అయితే రొట్టె గురించి నీకు నేను చెప్పేదేముంది” అని ఒక రొట్టె ఎక్కువేసింది.

మూడోది ఇరానీ హోటల్. ఇరాన్ నుంచి ముంబై, పుణె మీదుగా వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్లో పెట్టిన హోటళ్ల పద్ధతి ఇది. ఒక్కరే కూర్చోవడం ఇక్కడ తప్పు కాదు సరికదా, అదే మామూలు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని పేపరు చదివే పెద్దమనిషిని ఎవరూ లేవమనరు. టేబుల్‌కు ఖాళీ ఉంటే ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి ఎదురుగా కూర్చుంటారు, తాగి పోతారు. ఇద్దరుంటే “వన్ బై టూ” అని ఒకే చాయ్‌ని రెండు కప్పుల్లో తెప్పించుకుంటారు. ఒంటరిగా ఉండీ నలుగురి మధ్య ఉండటం ఎట్లాగో మేం అక్కడే నేర్చుకున్నాం. సంతలో కూర్చున్నట్టే ఉంటుంది.

నాలుగోది మెస్. అమీర్‌పేట బతికేది మెస్‌ల మీదనే. కాకతీయ డీలక్స్ మెస్ లాంటి పేరున్నవి ఉన్నాయి, పేరు లేనివి గల్లీకి రెండు ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు పోతే టేబుల్ ఒక్కరికి ఇవ్వరు. నలుగురు తెలియనివాళ్లను కలిపి కూర్చోబెడతారు. అన్నం, పప్పు, వేపుడు, సాంబారు, పెరుగు. మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. మాకు అది బంతి భోజనంలాగానే అనిపిస్తుంది. తేడా ఒక్కటే, ఇక్కడ పక్కవాడి విస్తరిలో పడిందా లేదా ఎవరూ చూడరు. రూములో అన్నం వండుకునే వీలుంటే కర్రీ పాయింట్‌లో కూర ప్యాకెట్ తెచ్చుకోవడం ఇంకా చవక.

అయిదోది ఐదు రూపాయల భోజనం. జీహెచ్‌ఎంసీ 2014లో హరేకృష్ణ మూవ్‌మెంట్ వాళ్లతో కలిసి మొదలుపెట్టిన అన్నపూర్ణ క్యాంటీన్లు ఇవి. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చి ఐదు రూపాయల టిఫిన్ కూడా పెట్టారు. మధ్యాహ్నం అన్నం, పప్పు, సాంబారు, పచ్చడి. అయిపోతే అయిపోయినట్టే, కాబట్టి ముందుగా పోవాలి. లైనులో నిలబడటానికి సిగ్గుపడేవాళ్లకు ఒక మాట. ఆ లైనులో మేం డిగ్రీలు చదివినవాళ్లను, ఆస్పత్రిలో అమ్మనో నాన్ననో చేర్చి బయటికి వచ్చినవాళ్లను, కూలి దొరకని రోజు వచ్చినవాళ్లను చూశాం. ఆకలికి లైను తప్ప వేరే గుర్తు లేదు.

ఇప్పుడు పైసల సంగతి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ల డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. అంటే రోజుకు యాభై ఉన్నది డెబ్బై. మూడు పూటలకు కలిపి. పెరగడం మంచిదే, తేడా తెలుస్తోంది కూడా. కానీ పంజాగుట్టలో మంచి హోటల్‌కు పోయి ఒక చికెన్ బిర్యానీ తింటే మా హాస్టల్ లెక్కలో మూడు నాలుగు రోజుల తిండి ఒక గంటలో అయిపోతుంది. ఈ లెక్క మన మనసులో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఇంటి దగ్గర అమ్మ కూలి డబ్బులు గుర్తొస్తాయి. అందుకని రోజూ పొమ్మని మేం చెప్పం. మేం కూడా నెలకు ఒకసారి, పార్ట్‌టైమ్ డబ్బులు వచ్చినప్పుడు పోతాం. అయినా ఎందుకు పోతామో చెప్తాం.

పంజాగుట్ట అమీర్‌పేటకు పక్క స్టేషనే. నడిచినా పెద్ద దూరం కాదు. కానీ ఊరు మారినట్టు ఉంటుంది. ఒకవైపు నిమ్స్ ఆస్పత్రి, ఒకవైపు నగల దుకాణాలు. చౌరస్తాలో మెరిడియన్ బిర్యానీ పేరు అందరికీ తెలుసు. నాగార్జున సర్కిల్ వైపు పోతే చట్నీస్, పేరుకు తగ్గట్టు ఇడ్లీతో నాలుగైదు రకాల చట్నీలు పెడతారు. ఇంకా పైకి పోతే బంజారాహిల్స్. ఆ కొండ పేరు బంజారాలది. అక్కడే రోడ్ నంబర్ 10లో 2022 సెప్టెంబర్ 17న కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ మొదలుపెట్టారు. కొండకు పేరు ఇచ్చినవాళ్లలో హోటల్ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు ఎందరున్నారో మాత్రం మీరే ఒకసారి చూడండి.

బిర్యానీ హోటళ్లలో ఒక మంచి సంగతి ఉంది. హైదరాబాద్ మెనూలో “సింగిల్” అనే మాట ఉంటుంది. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్. అంటే ఒక్కడే వచ్చి తినేవాడు ఉంటాడని ఈ ఊరికి ముందే తెలుసు, వాడి కోసం ఒక కొలత కూడా పెట్టుకుంది. మొదటిసారి “ఒక సింగిల్” అని చెప్పినప్పుడు మాలో ఒకడికి గొంతు పెగల్లేదు. రెండోసారి మామూలుగానే వచ్చింది. చాలాచోట్ల సింగిల్ ఒక్కరికి ఎక్కువే. మిగిలితే పార్సిల్ కట్టమని అడగండి. అడగటం నామోషీ కాదు, పెద్ద కార్లలో వచ్చినవాళ్లు కూడా కట్టించుకుంటారు.

అన్ని చోట్లా మర్యాదగా చూస్తారని మాత్రం చెప్పం. పంజాగుట్టలోనే ఒక హోటల్‌లో, పేరు వద్దు, మాలో ఒకరు పోతే కిటికీ పక్కన నాలుగు టేబుళ్లు ఖాళీగా ఉన్నాయి. చెప్పులు, భుజాన సంచి, మాట యాస చూసి “వెయిట్ చేయండి” అన్నారు. ఇరవై నిమిషాల తర్వాత చేతులు కడిగే చోటు పక్కన ఒక మూల చూపించారు. ఆ లోపల వచ్చిన రెండు కుటుంబాలను నేరుగా కిటికీ దగ్గరికి తీసుకుపోయారు. మావాడు గొడవ పెట్టుకోలేదు, తిరిగి రానూ లేదు. కిటికీ పక్కన ఖాళీగా ఉన్న టేబుల్ చూపించి, “నేను అక్కడ కూర్చుంటా సార్” అని మెల్లగా చెప్పి పోయి కూర్చున్నాడు. ఎవరూ లేపలేదు. ఆ రాత్రి రూములో ఈ సంగతి చెప్తూ వాడు నవ్వాడు కానీ మాకెవరికీ నవ్వు రాలేదు.

కానిస్టేబుల్ కోచింగ్‌లో పాలిటీ చదువుతారు కదా, ఆర్టికల్ 15 అనగానే మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు అని బట్టీ కొట్టేస్తాం. దాని రెండో క్లాజు తీసి మెల్లగా చదవండి. ఆ కారణాలతో ఎవరినీ దుకాణాలకు, పబ్లిక్ రెస్టారెంట్లకు, హోటళ్లకు, వినోదశాలలకు రాకుండా ఆపకూడదు, షరతులు పెట్టకూడదు అని ఉంటుంది. రాజ్యాంగం రాసినవాళ్లు రెస్టారెంటును, హోటల్‌ను పేరు పెట్టి మరీ రాశారు. ఓటు, ఉద్యోగం, భూమి లాంటి పెద్ద పెద్ద సంగతుల మధ్య హోటల్ ఎందుకు రాశారు అని మాకు మొదట అర్థం కాలేదు. ఆ కిటికీ టేబుల్ తర్వాత అర్థమైంది. మనిషిని మనిషి కాదని చెప్పడానికి అన్నం దగ్గర పక్కన పెట్టడం కంటే సులువైన పని ఇంకోటి లేదు. అది వాళ్లకు బాగా తెలుసు.

చెల్లెళ్ల సంగతి వేరే చెప్పాలి. మాకు తెలిసిన ఒక అక్క నర్సింగ్ చదువుతూ పంజాగుట్ట దగ్గరే ఉంటుంది. ఆమె చెప్పిన మాట ఇది. “మీరు ఒక్కరే కూర్చుంటే ఎవరూ లేరా అని చూస్తారు. మేం ఒక్కరే కూర్చుంటే ఎవరికోసం కూర్చుంది అని చూస్తారు.” ఆమె పద్ధతి ఏమిటంటే క్యాష్ కౌంటర్ కనపడే టేబుల్ తీసుకోవడం, కుటుంబాలు ఎక్కువ వచ్చే టిఫిన్ సెంటర్‌కు పోవడం, గోడ వైపు వీపు పెట్టి కూర్చోవడం. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఏడింటికి ఒక ప్లేటు ఇడ్లీ ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చునే ఆ ఇరవై నిమిషాలే రోజు మొత్తంలో తనవి అంటుంది. ఇంటి దగ్గర ఆడవాళ్లు అందరికీ పెట్టాక మిగిలింది తింటారు. వేడిగా ఉన్నప్పుడు, మొదటగా, ఎవరో తెచ్చి పెడితే తినడం ఆమెకు ఈ ఊళ్లోనే తెలిసిందట. ఈ మాట విన్నప్పటి నుంచి సెలవులకు ఇంటికి పోతే అమ్మకు ముందు పెట్టి మేం తర్వాత తింటున్నాం. అమ్మ ఒప్పుకోదు, గొడవే.

అందుకే నెలకు ఒకసారి పోతాం. బిర్యానీ రుచి కోసం ఒక్కటే కాదు. రేపు ఇంటర్వ్యూకు పోతే, ఉద్యోగం వచ్చి ట్రైనింగ్‌కు పోతే, ఆఫీసర్ల మధ్య కూర్చుని తినాల్సి వస్తే ఆ రోజు చెయ్యి వణకకూడదు. ఇంకో సంగతి, ఒంటరిగా తింటున్నప్పుడు తిండి రుచి సరిగ్గా తెలుస్తుంది. కొరియాలో ఒంటరిగా తినడానికి “హోన్‌బాప్” అని ఒక మాటే పుట్టింది, వీడియోల్లో మీరూ చూసే ఉంటారు. అక్కడ కూడా కలిసి తినే పద్ధతే పాతది. పట్నాలు వచ్చాక, ఎవరి వేళలు వాళ్లవి అయ్యాక, ఒంటరి భోజనానికి పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. మనకింకా పేరు లేదు. మనకు ఇది మొదటి తరం.

ఒకసారి ఒక మెనూలో “బొంగులో చికెన్” చూశాం. మా కోయ తమ్ముడు ధర చూసి మెనూ మూసేశాడు. వాళ్ల ఊళ్లో వెదురు నరికి, కోడిమాంసం కూరి, నిప్పుల్లో కాల్చడానికి ఖర్చయ్యేది కోడి ఒక్కటే. “మనది మనకే అమ్ముతున్నరు అన్నా” అన్నాడు. కోపంగా కాదు, వింతగా. ఉట్నూరులో మన అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పంజాగుట్ట చౌరస్తాలో మనవాళ్ల హోటల్ ఒకటి ఉండి, గట్క, జొన్నరొట్టె, ఇప్ప లడ్డూ మనవాళ్లే వడ్డిస్తే ఎట్లా ఉంటుంది అని రూములో రాత్రంతా మాట్లాడుకున్నాం. హోటల్ మేనేజ్‌మెంట్ చదివే తమ్ముళ్లు ఎవరైనా ఉంటే ఆలోచించండి. అందులో నలుగురు పట్టే టేబుళ్లతో పాటు గోడ పక్కన ఒక్కరు కూర్చునేవి కూడా పెట్టండి.

ఇక కొత్తగా వచ్చేవాళ్ల కోసం కొన్ని సంగతులు.

ధర అడిగాకే ఆర్డర్ చెప్పండి. “ఇది ఎంత అన్నా?” అని అడిగితే ఎవరూ తిట్టరు. నీళ్ల బాటిల్ తెచ్చి పెడితే, “మామూలు నీళ్లు ఇవ్వండి” అనొచ్చు. బిల్లులో జీఎస్టీ మామూలు హోటళ్లలో 5 శాతం ఉంటుంది. సర్వీస్ చార్జీ అని వేరే వేస్తే అది కట్టి తీరాల్సింది కాదు. బిల్లులో దానంతటదే కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట నిలబెట్టింది. తీసేయమని మెల్లగా అడగండి. చివర్లో గోరువెచ్చటి నీళ్లలో నిమ్మచెక్క వేసి గిన్నె తెస్తే అది వేళ్లు కడుక్కోవడానికి. స్పూను పెట్టినా చేత్తో తినొచ్చు, హైదరాబాద్ బిర్యానీ చేత్తో తినేదే. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా రద్దీ, ఒక్కరే ప్రశాంతంగా కూర్చోవాలంటే మూడింటికి పోండి. ఫోన్‌లో తల పెట్టుకుని తినకండి, మనం ఏమీ దొంగతనం చేయడం లేదు. “ఒక్కరేనా?” అంటే “అవును, ఒక్కరమే” అని చెప్పి అతను ఏ టేబుల్ చూపిస్తాడో చూడండి. నచ్చకపోతే వేరేది అడగండి.

ఆ ఏటూరునాగారం తమ్ముడిని మేం ఏం చేశామో చెప్పి ముగిస్తాం. కళ్లు తిరిగిన రోజు హాస్టల్‌కు తీసుకొచ్చి అన్నం పెట్టాం. మరుసటి ఆదివారం మెస్‌కు తీసుకుపోయాం. కానీ కలిసి కూర్చోలేదు. వాణ్ణి ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టి మేం పక్క టేబుల్‌కు పోయాం. ఏం కావాలో వాడే చెప్పుకున్నాడు, మళ్లీ అన్నం వాడే అడిగాడు, బిల్లు వాడే కట్టాడు. మధ్యలో రెండుసార్లు మా వైపు చూశాడు. మేం చూడనట్టు తిన్నాం. మూడో వారం మమ్మల్ని రావొద్దన్నాడు.

ఈ ఏడాది కూడా అట్లానే చేద్దామనుకుంటున్నాం. అమీర్‌పేట చుట్టుపక్కల ఉండే అన్నలు, అక్కలు నెలకు ఒక ఆదివారం ఇస్తే చాలు. కొత్తగా వచ్చిన పిల్లలను మధ్యాహ్నం మూడింటికి మైత్రీవనం దగ్గర కలుద్దాం. ఎవరి బిల్లు వాళ్లదే, లేనివాళ్లది మనం చూసుకుందాం. చెల్లెళ్లకు తోడుగా ఆ నర్సింగ్ అక్క వస్తానంది. వచ్చేవాళ్లు మీ పేరు, జిల్లా, ఏ కోచింగో రాయండి. పక్క టేబుల్‌లో మేం ఉంటాం.

జై ఆదివాసీ.